దొరకని రిజిస్టరు

ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగంలో నాకు విచారణాధికారి హోదా ఒక్కసారే దక్కింది. అదీ ఆరు రోజులు. ఏడో రోజు నుంచి మళ్ళీ మామూలు సీనియర్ అసిస్టెంటునే. అయినా మా ఇంట్లో ఇప్పటికీ కళ్ళజోడు కనపడకపోతే మా ఆయన, "విచారణాధికారిగారూ, కాస్త చూస్తారా?" అంటారు.

మొన్న మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు నలుగురు ఫోన్ చేశారు. "ఉద్యోగంలో ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటి మేడం?" అని అడిగారు. "సంతకం పెట్టేముందు చదవండి" అన్నాను. ఇంకేదో చెబుతానని కాసేపు ఎదురుచూసి, "అంతేనా మేడం?" అన్నారు. అంతే. కానీ ఆ ముక్క నాకు ఎలా తెలిసివచ్చిందో చెప్పకపోతే దానికి విలువ ఉండదు. అందుకని ఇదంతా రాస్తున్నాను.

నాది తెనాలి వైపు. పెళ్ళయి హైదరాబాదు వచ్చాను. తొంభైల మొదట్లో పాతబస్తీలో, చాంద్రాయణగుట్ట చౌరస్తాకి నాలుగు సందుల అవతల ఉన్న ఒక నీళ్ళ ఆఫీసులో వేశారు. ఆఫీసు పేరు చెప్పను. మనుషుల పేర్లు అసలే చెప్పను. అందరూ క్షేమంగా ఉన్నారు, కొందరికి ఇంకా పెన్షన్ కాగితాలు తేలలేదు.

చేరిన మొదటి వారంలోనే ఒక పెద్దాయన వచ్చి, "మేడం, మూడు దినాల సంది నల్లా నీళ్ళు వస్తలేవు" అన్నాడు. మా ఊళ్ళో దాన్ని కొళాయి అంటారు. నల్లా అంటే కొళాయని నాకు ఎవరూ చెప్పలేదు. ఫిర్యాదుల పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో, "మూడు రోజులుగా నల్ల నీళ్ళు రావడం లేదని తెలిపినారు" అని రాశాను. అప్పటి మా ఆఫీసరు దాని కింద, "సంతోషం. ముగించవచ్చు" అని రాసి సంతకం పెట్టారు. వారం తర్వాత ఆ పెద్దాయన ఖాళీ బిందె తీసుకుని ఆఫీసుకే వచ్చి కూర్చున్నాడు. ఆ రోజే నేను జాగ్రత్త నేర్చుకోవాల్సింది. భాష నేర్చుకున్నాను గానీ జాగ్రత్త నేర్చుకోలేదు.

ఆ ఆఫీసులో నాతోపాటు పనిచేసిన ముగ్గురి గురించి చెప్పాలి.

ఒకరు అటెండర్ భాయ్. పత్తర్‌గట్టి వెనక గల్లీలో ఇల్లు. మనిషి సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవాడు. ఏ కష్టం వచ్చినా, "టెన్షన్ నక్కో లేవ్ మేడం" అని చాయ్ తెచ్చి ముందు పెట్టేవాడు. రెండోవాడు లైన్‌మాన్. తాతల నాటి నుంచీ అక్కడే ఉన్న పాల కుటుంబం, ఇంట్లో నాలుగు బర్రెలు. "పాలల్ల నీళ్ళు కలిపేటోన్ని మేడం, నీళ్ళల్ల ఏం కలిసిందో నాకెర్క కాదా?" అని తనమీద తనే జోకు వేసుకునేవాడు. మూడోది కంప్యూటర్ అమ్మాయి. రెండువేల సంవత్సరం తర్వాత మాకొక కంప్యూటర్ ఇచ్చారు, దానితోపాటు కాంట్రాక్టు మీద ఈ అమ్మాయినీ ఇచ్చారు. పాతబస్తీ పిల్లే. మా ఆఫీసరుగారు కంప్యూటర్‌కి రోజూ అగరుబత్తి వెలిగించేవారు గానీ దాన్ని ముట్టుకునేవారు కాదు.

ఇక క్లోరిన్ రిజిస్టరు. మీలో ఈ పని తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. రోజూ లైన్‌మాన్ పది నల్లాల దగ్గరికి వెళ్ళి, గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, రెండు చుక్కల మందు వేయాలి. నీళ్ళు పసుపు రంగుకు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు, తాగొచ్చు. రంగు ఎంత ముదిరిందో చూసి ఒక అంకె రాయాలి. రంగే తిరగకపోతే క్లోరిన్ లేనట్టు, తాగకూడదు. ఆ అంకెల కింద నేను "సరిచూడబడినది" అని సంతకం పెట్టాలి. దాని కింద ఆఫీసరు పెట్టాలి.

మొదట్లో లైన్‌మాన్ నిజంగానే తిరిగేవాడు. తర్వాత ఒకసారి మందు అయిపోయింది. పంపమని కాగితం రాశాం, మందు రాలేదు. మందు ఆగిపోయింది గానీ అంకెలు ఆగలేదు. రోజూ పొద్దున్నే లైన్‌మాన్ బల్ల దగ్గర కూర్చుని పది గళ్ళలో "0.5" అని పదిసార్లు రాసేవాడు. నేను సరిచూసేదాన్ని. అంటే గళ్ళు నిండాయో లేదో చూసేదాన్ని. అలా నాలుగేళ్ళు గడిచాయి. మా ఆఫీసులో మాత్రం అందరం కొనుక్కున్న క్యాను నీళ్ళు తాగేవాళ్ళం. నీళ్ళ ఆఫీసులో! అది తప్పని ఎవరికీ తోచలేదు.

సమాచార హక్కు చట్టం కొత్తగా వచ్చిన రోజులవి. వెనక బస్తీ నుంచి ఒక దరఖాస్తు వచ్చింది. రిటైరైన లెక్కల టీచరు ఒకావిడ, తమ గల్లీ నల్లాల క్లోరిన్ ఫలితాలు ఇవ్వమని అడిగింది. పాము దూరినట్టు అందరం ఆ కాగితానికి దూరంగా నిలబడ్డాం. చివరికి ఆఫీసరుగారు నన్ను పిలిచి చెప్పారు.

"'సదరు రికార్డు వెతకగా దొరకలేదు' అని జవాబు రాయండమ్మా."

"సార్, రిజిస్టరు ఇక్కడే ఉంది కదా."

"మీరు వెతికారా?"

"వెతకక్కర్లేదు సార్. నా టిఫిన్ బాక్సు కిందే ఉంది."

"వెతకందే దొరికిందని ఎలా అంటారమ్మా?"

అమ్మాయి టైపు చేసింది, సమాచార అధికారి హోదాలో ఆయన సంతకం పెట్టారు, అటెండర్ భాయ్ తీసుకెళ్ళి టీచరమ్మ చేతికిచ్చి వచ్చాడు. పాము వెళ్ళిపోయిందనుకున్నాం.

రెండు నెలల తర్వాత ఒక సోమవారం పొద్దున హెడ్డాఫీసు నుంచి ఫోను వచ్చింది. ఆఫీసరుగారు ఫోను పట్టుకుని లేచి నిలబడ్డారు. పెట్టేశాక కూడా నిలబడే ఉన్నారు.

"మన రిజిస్టరు ఇంటర్నెట్లో ఉందంటమ్మా" అన్నారు నాతో. వెంటనే అటెండర్ భాయ్ వైపు తిరిగి, "వెళ్ళి పట్టుకురా!" అన్నారు.

"సార్, రిజిస్టర్ ఇధరిచ్ హై" అని భాయ్ నా బల్ల చూపించాడు. నిజమే. టిఫిన్ బాక్సు కిందే ఉంది.

మా కంప్యూటర్‌కి ఇంటర్నెట్ లేదు. సందు చివర, రీఛార్జి కొట్టుకీ కోళ్ళ కొట్టుకీ మధ్యన ఒక నెట్ సెంటర్ ఉండేది. నలుగురం అక్కడికి వెళ్ళాం. ఒక్క మనిషి పట్టే గదికి కర్టెను కట్టి ఉంది. ఆఫీసరుగారు కుర్చీలో, పక్కన ఇరుక్కుని అమ్మాయి, వెనక నేను, నా వెనక భాయ్. నెట్ సెంటరాయన మమ్మల్ని చూసి, "కర్టెన్ తీసేస్తా మేడం, మీరు ఊపిరి తీస్కోండ్రి" అన్నాడు.

పేజీ తెరుచుకుంది. పైన "మా గల్లీ నల్లా" అని పేరు. కింద వరసగా మా రిజిస్టరు పేజీలు, ప్రతి పేజీ అడుగున నా సంతకం. నిజం చెప్పొద్దూ, మొదట కాస్త గర్వపడ్డాను. తెర మీద నా సంతకం ఎంత చక్కగా ఉందో! చివరి వంకర తిప్పు దగ్గర సిరా ఒత్తు కూడా కనిపిస్తోంది. ఆ తర్వాత కింద రాసింది చదివాను.

"ఈ రెండు రోజులు ట్యాంకు కడిగారు. గల్లీలో చుక్క నీరు లేదు. లేని నీళ్ళలో క్లోరిన్ 0.5."

"ఈ నల్లా ఉన్న ఇల్లు రోడ్డు వెడల్పులో పోయి ఏడాదయింది. పోయిన ఇంట్లో క్లోరిన్ 0.5."

"ఇది ఫిబ్రవరి ముప్ఫయ్యో తారీకు ఫలితం. ఈ రోజు ఎప్పుడు వచ్చిందో చెప్పినవారికి నా తరఫున ఒక చాక్లెట్."

ఫిబ్రవరి ముప్ఫై. దాని కింద "సరిచూడబడినది". దాని కింద నేను.

పేజీ మూలన ఎంతమంది చూశారో చెప్పే అంకె ఒకటి ఉంది. ఆఫీసరుగారికి అర్థం కాక, "మళ్ళీ మొదటి నుంచి చూపించమ్మా" అన్నారు. అమ్మాయి పేజీ మళ్ళీ తెరిచింది. అంకె ఒకటి పెరిగింది. "చూశారా, ఇప్పుడే ఇంకొకడు చూశాడు!" అన్నారు. "మళ్ళీ చూడు." ఇంకొకటి పెరిగింది. అది మనమే సార్ అని అమ్మాయి చెప్పేలోపు తొమ్మిదిమంది చూశారు.

ఆ సాయంత్రమే నన్ను విచారణాధికారిగా వేస్తూ కాగితం ఇచ్చారు. రిజిస్టరు బయటికి ఎవరు ఇచ్చారో కనిపెట్టాలి. శనివారం సాయంత్రానికి హెడ్డాఫీసుకి ఒక పేరు వెళ్ళాలి. రిజిస్టరులో రాసింది నిజమా అబద్ధమా అన్నది కనిపెట్టమని మాత్రం ఎవరూ అడగలేదు.

"నేనెందుకు సార్?" అన్నాను.

"సంతకం మీదే కదమ్మా. అందరికంటే బాధ మీకే ఉంటుంది." తర్వాత గొంతు తగ్గించి, "పెద్దగా కష్టపడకండి. ఆఫీసులో కంప్యూటర్ పని తెలిసింది ఒక్క మనిషికే. కాంట్రాక్టు మనిషి. ఒక్క కాగితంతో అయిపోతుంది" అన్నారు.

ఆయన చెడ్డమనిషి కాదు. ఆయనకి రిటైరు కావడానికి ఇంకా ఎనిమిది నెలల సర్వీసు ఉంది, అంతే. ఎనిమిది నెలల సర్వీసు మిగిలిన మనిషికి లోకంలో అన్నిటికన్నా పెద్ద విలువ ప్రశాంతతే అనిపిస్తుంది. నాకూ తర్వాత తెలిసింది.

స్టోర్ గదిలో పైపుముక్కలు పక్కకు జరిపించి బల్ల వేయించాను. ముందు అమ్మాయిని పిలిచాను. వచ్చి కూర్చుంది. నేను ప్రశ్న మొదలుపెట్టేలోపే తనే అంది.

"మేడం, గా పేజీ చూసిన్రు కదా? ఎర్రరంగు మీద ఆకుపచ్చ అక్షరాలు. నేనైతే చచ్చినా గట్ల పెట్ట."

నవ్వొచ్చింది. కానీ ఆ పిల్ల కళ్ళు నిండిపోయాయి.

"నన్ను తీసేస్తున్నరు, నాకెర్కే మేడం. తీసేసే లెటర్ సారు నాతోనే టైప్ చేయించిండు. పేరు జాగల ఖాళీ పెట్టమన్నడు. ఎంత ఖాళీ పెట్టాలె సార్ అంటే, బొటనవేలితోని చూపించిండు. నా పేరు టైప్ చేసి చూసిన. కరెక్టుగ పడ్డది."

కుర్చీలోంచి లేచి క్యాను నీళ్ళు పట్టి ఇచ్చాను. తను చేయలేదని నమ్మాను. మరి ఎవరు?

మర్నాడు లైన్‌మాన్‌ని పిలిచాను. అతను తలుపు వేసి మరీ కూర్చున్నాడు.

"మేడం, గా పొల్లను పరేషాన్ చేయకుండ్రి. చెప్పింది నేనే."

"ఏం చెప్పావు?"

"ట్యాంకు కడిగిన తారీకులు, కూలగొట్టిన ఇల్లు, అన్ని నేనే టీచరమ్మకు చెప్పిన. మా వెనక గల్లీలనే ఉంటది."

"ఎందుకు చెప్పావయ్యా? ఆ అంకెలు రాసింది నువ్వే కదా!"

అతను కాసేపు తల గోక్కున్నాడు. "మా బర్రె తాగలే మేడం. బకెట్ల నల్లా నీళ్ళు పెట్టిన, వాసన చూసి మొకం తిప్పుకున్నది. పొద్దుగాల గవే నీళ్ళకు పాయింట్ ఫైవ్ అని రాసిన. బర్రెకున్న తెలివి నాకు లేదాయె అనిపించింది. ఇగ పక్కింటి పిలగానికి పచ్చకామెర్లు అయినంక నిద్ర పట్టలే."

నేను రాసుకోవడం ఆపేశాను. ఏదో ఒకటి అడగాలి కాబట్టి, "ఆ ఫిబ్రవరి ముప్ఫై ఏంటయ్యా? అంత తొందరలో రాశావా?" అన్నాను.

"లే మేడం. కావాల్ననే రాసిన."

"కావాలనా?"

"మీరు చదువుతున్నరా లేదా అని చూద్దామని. నాలుగేండ్ల సంది ఏటేటా రాస్తున్న."

నా ముఖం చూసి అతనే సర్దిచెప్పాడు. "ఫికర్ చేయకుండ్రి, సారు గుడ చూడలే."

తర్వాత అటెండర్ భాయ్ వంతు. ఆయన చేతిలో రెండు చాయ్‌లు పట్టుకుని వచ్చి, ఒకటి నా ముందు పెట్టి, కూర్చోకుండా నిలబడి చెప్పాడు.

"మైచ్ దియా మేడం. రిజిస్టర్ నేనే ఇచ్చిన."

"భాయ్! మీరా? ఇరవై ఏళ్ళ సర్వీసు!"

"టీచరమ్మ అడిగిండ్రు. ఆమె దగ్గర నేను లెక్కల్లో మూడుసార్లు ఫెయిలయిన. ఇప్పటికీ ఆమెను చూస్తే నా చేతులు ఎన్కకు పోతయి. 'దొరకలే' అన్న కాయితం ఇచ్చినప్పుడు నా మొకం జూసి, 'నిజంగ దొరకలేదారా?' అన్నరు. ఆమెకు ఝూట్ ఎట్ల చెప్త? జుమ్మా రోజు సంచిల పెట్కొని తీస్కపోయి, జిరాక్స్ తీపిచ్చి, సాయంత్రం తెచ్చి మళ్ళ మీ డబ్బా కింద పెట్టిన."

"ఎవరూ చూడలేదా?"

"చూసుడేంది మేడం? ఎంట్రీ చేసిన కదా." ఆయన కాస్త నొచ్చుకున్నట్టు చూశాడు. "ఆఫీసు దాటే ప్రతి కాయితం అవుట్‌వర్డ్ బుక్కుల రాయాలె అని మీరే చెప్పిన్రు."

పరుగున వెళ్ళి అవుట్‌వర్డ్ పుస్తకం తీశాను. ఆ శుక్రవారం పేజీలో, భాయ్ వంకర అక్షరాల్లో ఉంది: "క్లోరిన్ రిజిస్టర్ ఒకటి. జిరాక్స్ కొరకు టీచర్ అమ్మకు. సాయంత్రం వాపస్." దాని ఎదురుగా, అనుమతి ఇచ్చినవారి గడిలో సంతకం.

నా సంతకమే. చివరి వంకర తిప్పుతో సహా.

స్టోర్ గదిలోకి తిరిగివచ్చి చల్లారిన చాయ్ తాగాను. విచారణ పూర్తయింది. తారీకులు చెప్పింది లైన్‌మాన్, రిజిస్టరు మోసింది అటెండర్, అనుమతి ఇచ్చింది విచారణాధికారి. పోయేది మాత్రం ఏ పాపం తెలియని కాంట్రాక్టు పిల్ల.

గురువారం భాయ్‌ని తోడు తీసుకుని టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఆ పేజీ తీసేయమని బతిమాలదామని బయలుదేరినట్టు గుర్తు.

టీచరమ్మ పొట్టిగా, తెల్లటి జుట్టుతో, చేనేత చీరలో ఉంది. భాయ్ చేతులు నిజంగానే వెనక్కి వెళ్ళిపోయాయి. నేను ఫలానా అని చెప్పగానే నా ముఖం పరీక్షగా చూసి, "ఆ సంతకం మీదా? మంచిగుంటది" అంది. లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. ఇంటర్నెట్ ఎవరు నేర్పారంటే, "నేనే నేర్చుకున్న. నెట్ సెంటర్ల నెల రోజులు కూసున్న. త్రికోణమితి కన్న కష్టమా ఏంది?" అంది.

"మీరు ఒక్కమాట మాకు చెబితే సరిపోయేది కదండీ. లోకమంతా చూసేలా ఎందుకు పెట్టారు?" అన్నాను.

"చెప్పలేదా? మీకే కాయితం రాసిన. మీరే దొరకలే అన్నరు." కోపం లేకుండా, క్లాసులో చెప్పినట్టే చెప్పింది. "ముప్పై ఏండ్లు లెక్కలు చెప్పిన మేడం. పక్కోని పేపరు చూసి రాసిన పిలగాన్ని కండ్లు మూస్కొని పట్టుకుంట. అన్ని జవాబులు ఒక్కతీరుగ ఉంటే ఎవ్వడు లెక్క చెయ్యనట్టే. మీ రిజిస్టర్ గసొంటిదే."

లోపలికెళ్ళి ఒక గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఎండల పడి వచ్చిన్రు. తాగుండ్రి. మీరు సంతకం పెట్టిన నీళ్ళే."

గ్లాసు చేతిలో ఉంది. నీళ్ళు చూడటానికి తేటగానే ఉన్నాయి. నాకు లైన్‌మాన్ బర్రె గుర్తొచ్చింది. దాహం వేస్తోంది గానీ చెయ్యి పైకి లేవలేదు.

"ఇవాళ ఉపవాసమండీ" అన్నాను.

"మంచినీళ్ళు గుడ తాగని ఉపవాసమా? గురువారం గదేం ఉపవాసం?"

"మాది ఆంధ్రా వైపు అండీ. మాకు వేరేగా ఉంటాయి."

భాయ్ గోడవైపు తిరిగి దగ్గాడు. టీచరమ్మ నవ్వలేదు. గ్లాసు వెనక్కి తీసుకుని, చాయ్ పెట్టి తెచ్చింది. ఉపవాసం సంగతి మరిచిపోయి గటగటా తాగేశాను. నేను తాగడం పూర్తయ్యేదాకా ఆగి, "మరగపెట్టిన నీళ్ళైతే ఉపవాసం అడ్డం రాదన్నట్టు" అంది. పక్కింట్లో ఎవరో చిన్నపిల్లాడు ఏడుస్తున్నాడు.

పేజీ తీసేయమని అడక్కుండానే తిరిగి వచ్చాను.

శనివారం మధ్యాహ్నం రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. అమ్మాయి తన బల్ల సొరుగు ఖాళీ చేసి, దువ్వెన, చిన్న అద్దం, నోటుపుస్తకం సంచిలో సర్దుకుంటోంది. మూడుసార్లు కాగితం చింపేశాను. నిజం రాస్తే లైన్‌మాన్, భాయ్ పోతారు. నా పేరొక్కటే రాద్దామంటే అవుట్‌వర్డ్ పుస్తకం తెరుస్తారు, అందులో భాయ్ ఉన్నాడు. అబద్ధం రాస్తే అమ్మాయి పోతుంది. ఆధారం కోసం పాత కాగితాలు తిరగేస్తుంటే టీచరమ్మకి మేం పంపిన జవాబు నకలు కనపడింది. ఒకటికి రెండుసార్లు చదివాను. నేను మనసుపెట్టి చదివిన మొదటి ఆఫీసు కాగితం బహుశా అదే. చదివాక అరగంటలో రిపోర్టు అయిపోయింది.

ఆఫీసరుగారు పైకే చదివారు. "ఇంటర్నెట్ నందు కనిపించిన పేజీలు ఈ కార్యాలయపు క్లోరిన్ రిజిస్టరువిగా చెప్పబడుచున్నవి. అయితే సదరు రిజిస్టరు వెతకగా దొరకలేదని ఈ కార్యాలయమే ఇదివరలో లిఖితపూర్వకముగా తెలియజేసియున్నది. దొరకని రిజిస్టరును బయటికి చేరవేయుట ఎవరికిని సాధ్యము కాదు. కావున ఏ ఉద్యోగి పేరును సూచించుటకు వీలు లేదు."

కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"ఏంటమ్మా ఇది? పేరేది?"

"ఎవరో ఇచ్చారని రాస్తే, రిజిస్టరు ఉన్నట్టు ఒప్పుకోవాలి సార్. ఉందని ఒప్పుకుంటే, లేదని సంతకం పెట్టినవారు..."

"నేను."

"అవును సార్."

"ఆ చట్టంలో తప్పు సమాచారం ఇస్తే ఏమవుతుందని ఉంది?"

"ఇచ్చిన అధికారికి జరిమానా సార్. సొంత జేబులోంచి. సర్వీసు పుస్తకంలో కూడా రాస్తారట."

ఆయన క్యాను దగ్గరికి వెళ్ళి రెండు గ్లాసులు తాగారు. వచ్చి కూర్చుని రిపోర్టు మీద సంతకం పెట్టారు. తర్వాత బల్ల సొరుగులోంచి, పేరు ఖాళీగా ఉన్న ఆ ఉత్తరం తీసి అమ్మాయిని పిలిచారు. ఆ పిల్ల సంచి పట్టుకునే వచ్చింది.

"దీని వెనక వైపు తెల్లగానే ఉంది కదమ్మా. రఫ్‌కి వాడుకో" అన్నారు.

అమ్మాయి ఆ కాగితం తీసుకుంది. బయటికి వచ్చాక సంచిలోంచి దువ్వెన, అద్దం తీసి మళ్ళీ సొరుగులో పెట్టుకుంది. సాయంత్రం వెళ్తూ వెళ్తూ, "మేడం, మీకు మెయిల్ నేర్పిస్త, సోమవారం సంది" అంది.

పిల్లలూ, ఈ రిపోర్టు గురించి నేను గొప్పలు చెప్పుకోను. అది ఒక అబద్ధాన్ని ఇంకో అబద్ధానికి ఆనించి నిలబెట్టడమే. ఒక మనిషి బువ్వ నిలబడింది, అంతవరకే. గల్లీ నీళ్ళు మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. అందుకే ఆఫీసరుగారు హాయిగా ఊపిరి పీల్చుకున్నాక, వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాను.

"సార్, ఒక చిక్కుంది. పాత రిజిస్టరు దొరకలేదు కాబట్టి సోమవారం కొత్తది తెరవాలి."

"తెరవండి."

"అందులో పాయింట్ ఫైవ్ అని రాయలేం సార్. బయట చూస్తున్నారు."

ఆయన ఆ మూలన ఉండే అంకెను తలచుకున్నారనుకుంటాను. చెయ్యి ఊపి, "సరే, నిజంగానే చేయండి" అన్నారు.

మందు కోసం నేనే హెడ్డాఫీసు స్టోర్‌కి వెళ్ళాను. నాలుగేళ్ళుగా ఎందుకు ఇవ్వలేదని గట్టిగా అడిగాను. స్టోర్‌కీపరు పుస్తకాలన్నీ తిరగేసి, "మీరెప్పుడూ అడగలేదు కదమ్మా" అన్నాడు. తర్వాత వెతికితే, అప్పటి మా కాగితం మా ఆఫీసులోనే, నా బీరువాలోనే, సంతకం కోసం ఎదురుచూస్తూ కనపడింది. ఆ సంతకం ఎవరిదో చెప్పక్కర్లేదు. జీవితంలో నేను సంతకం పెట్టకుండా వదిలేసిన కాగితం అదొక్కటే.

మంగళవారం లైన్‌మాన్, నేను కలిసి టీచరమ్మ నల్లా దగ్గరికి వెళ్ళాం. గల్లీ ఆడవాళ్ళంతా బిందెలు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. అతను గొట్టంలో నీళ్ళు పట్టి రెండు చుక్కలు వేశాడు. ఊపాడు. ఎండకి పెట్టి చూశాడు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. ఇంకో రెండు చుక్కలు వేశాడు. ఏమీ లేదు.

"ఏం రాయమంటరు మేడం?" అన్నాడు, నాలుగేళ్ళలో మొదటిసారి.

"ఏముంటే అది."

కొత్త రిజిస్టరు మొదటి గడిలో సున్నా చుట్టాడు. ఆ సున్నాని చదివి, కింద సంతకం పెట్టాను. ఆఫీసరుగారు ఆ పేజీని చాలాసేపు చూశారు.

"పాయింట్ ఏమన్నా ఉందా ముందర?" అని ఆశగా అడిగారు.

"లేదు సార్."

"ఇంత పెద్ద సున్నా ఎందుకమ్మా?" అని గొణిగారు గానీ సంతకం పెట్టారు. సున్నా కింద సంతకం పెట్టిన మనిషి ఊరికే కూర్చోలేడు. మర్నాడే గల్లీ తవ్వించారు. మూడోచోట దొరికింది. డ్రైనేజీ గొట్టం పగిలి మంచినీళ్ళ గొట్టం మీదే కారుతోంది. మంచినీళ్ళ గొట్టం తుప్పుపట్టి, వేలు దూరేంత చిల్లు పడి ఉంది. లైన్‌మాన్ ఆ గుంటలోకి చూసి, "మా బర్రె చెప్పినట్టే ఉన్నది" అన్నాడు. కొత్త పైపు వేసేదాకా ట్యాంకర్లు తిప్పారు. ఇరవై రోజుల తర్వాత అదే నల్లా దగ్గర గొట్టంలో నీళ్ళు లేత పసుపుకి తిరిగాయి. ఆ సాయంత్రం "మా గల్లీ నల్లా"లో ఆకుపచ్చ అక్షరాల్లో ఒకే మాట ఉందని అమ్మాయి చూసి చెప్పింది: "పాస్."

నాకు అవార్డు ఏమీ రాలేదు. నెల తిరక్కుండానే హెడ్డాఫీసు నుంచి మెమో వచ్చింది. అందులో ఇలా ఉంది: "మీ సెక్షనులో గత నాలుగు సంవత్సరములుగా ప్రతిరోజు 0.5గా నమోదైన ఫలితములు ఇటీవల సున్నాకు పడిపోయినవి. తర్వాత కూడ రోజుకొక తీరుగ ఉన్నవి. పనితీరు ఇట్లు దిగజారుటకు కారణములు మూడు రోజులలో తెలియజేయవలెను."

ఆఫీసరుగారు తల పట్టుకున్నారు. "ఏం రాద్దామమ్మా?" అన్నారు.

నేను చెప్పాను, అమ్మాయి టైపు చేసింది. ఒక్క వాక్యమే. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, జేబులోంచి పెన్ను తీశారు.

"ఇప్పుడు చూసి రాస్తున్నాము."